సంపాదించే తీరు, ఇచ్చే తీరు: నేటి వ్యాపారంలో నీతి ప్రశ్నలు



సేవా సంస్థల వార్షిక సంచికల్లో సాధారణంగా ఇవ్వడం గురించి రాస్తారు. ఎవరు ఎంత ఇచ్చారు, అది ఎవరికి చేరింది అనే లెక్క ఉంటుంది. అది ఉండవలసిందే. అయితే ఆ ఇచ్చిన చెయ్యి, ఇవ్వడానికి ముందు సంపాదించింది. ఆ సంపాదన గురించి మాట్లాడుకునే చోటు మనకు తక్కువ. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో సేవా కార్యక్రమాలకు అండగా నిలిచేవారిలో చాలామంది వ్యాపారులే. బట్టల దుకాణాలు, కిరాణా, ధాన్యం, ఇనుము, మందుల షాపులు నడిపేవారున్నారు. గల్ఫ్‌లో కష్టపడి వచ్చి ఇక్కడ పెట్టుబడి పెట్టినవారున్నారు. అందుకే ఈ వ్యాసంలో ఒకే ఒక ప్రశ్న తీసుకుంటున్నాం: మంచి పనికి ఇచ్చిన డబ్బు, ఆ డబ్బు సంపాదించిన పద్ధతిలోని తప్పును కడిగేస్తుందా?

మేము బడిలో లాభనష్టాల లెక్కలు చెప్పేవాళ్లం. కొన్న వెల, అమ్మిన వెల, లాభశాతం అని నేర్పుతాం. కొనేటప్పుడు తూకం సరిగా ఉందా, అమ్మేటప్పుడు లోపం చెప్పారా, మోసినవాడికి కూలి ఇచ్చారా అనే ప్రశ్నలు ఆ లెక్కల్లో రావు. ఇక్కడ వాటిని వేసుకుందాం.

చట్టం అడిగే రెండు శాతం

మన దేశంలో పెద్ద కంపెనీల సామాజిక బాధ్యతకు ఒక చట్టం ఉంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీకి ఈ సెక్షను వర్తిస్తుంది. గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం విద్య, వైద్యం, తాగునీరు, పర్యావరణం వంటి పనులకు ఖర్చు చేయాలి. 2021లో నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి. ఖర్చు చేయని సొమ్మును కంపెనీ తన దగ్గరే ఉంచుకోవడానికి వీల్లేదు.

ఈ చట్టంలో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని ఈ 2 శాతం కిందికి రాదు. కేవలం తన ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చు కూడా రాదు. అంటే కార్మికుడికి ఇవ్వవలసిన జీతం, భద్రత, వైద్యం వేరు. సమాజానికి చేసే సాయం వేరు. మొదటిది బాకీ. బాకీ తీర్చి దానం చేశామని చెప్పుకోవడం కుదరదని చట్టమే అంటోంది.

జకాత్ గురించి తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఏడాదిపాటు నిలిచిన, నిర్ణీత పరిమితికి మించిన సంపదపై రెండున్నర శాతం జకాత్ విధి. దాన్ని ఎవరికి ఇవ్వాలో కూడా ఎనిమిది వర్గాలుగా ఖుర్‌ఆన్ నిర్ణయించింది. కానీ జకాత్‌కు ముందు మరో ప్రశ్న ఉంది: ఆ సొత్తు నీదేనా? ఎవరి సొమ్మయినా అన్యాయంగా మన దగ్గర చేరితే అది వారికి తిరిగి ఇచ్చేయాలి. వారెవరో తెలియకపోతే, వెతికినా దొరకకపోతే, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలని ధర్మశాస్త్ర పండితులు చెబుతారు. పరాయి సొమ్ములోంచి రెండున్నర శాతం తీసి మిగతాది శుద్ధి చేసుకునే మార్గం లేదు.

108 బండి, సత్యం లెక్కలు

ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీద జరిగిన పెద్ద ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 1987లో హైదరాబాదులో మొదలైన ఈ కంపెనీ 2008 నాటికి యాభై వేలకు పైగా ఉద్యోగులతో ప్రపంచమంతటా పనిచేసింది. వ్యవస్థాపకులు బి. రామలింగరాజు దానధర్మాల్లోనూ పేరున్నవారు. 2001లో ఏర్పడిన బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో తాగునీరు, వైద్యం, చదువు వంటి పనులు చేసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవలను ప్రారంభించిన ఈఎంఆర్ఐ సంస్థ వెనుక ఉన్నదీ వారే. తరువాత ప్రభుత్వం తోడై ఆ సేవ జిల్లాలన్నిటికీ పాకింది. జాతీయ రహదారిపై ప్రమాదం జరిగినా, ఎల్లారెడ్డి వైపు తండాలో కాన్పు నొప్పులు వచ్చినా మనవాళ్ల నోట మొదట వచ్చేది ఆ అంకెలే.

2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. కంపెనీ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో సుమారు 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో ఉంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 2,700 కోట్ల రాబడి, 649 కోట్ల నిర్వహణ లాభం చూపించారు. నిజానికి రాబడి 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. చూపింది 24 శాతం, ఉన్నది 3 శాతం. తేడా 588 కోట్లు, అదీ ఒక్క మూడు నెలలకు. అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య మొదట ఉన్న కొద్దిపాటి తేడాయే ఏళ్ల తరబడి పెరిగి ఇక్కడికి వచ్చిందని ఆ లేఖే ఒప్పుకుంది.

ఆ ఒక్క రోజే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. రిటైరైనవారు, చిన్న ఉద్యోగులు, బిడ్డ పెళ్లికని షేర్లు కొని పెట్టుకున్నవారు నష్టపోయారు. అంతకు కొద్ది నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో ఉత్తమమైనదంటూ ఒక అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. తరువాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక సీబీఐ న్యాయస్థానం రామలింగరాజుతో సహా పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పీలుపై సెషన్స్ కోర్టు ఆ శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది.

ఇప్పుడు మన ప్రశ్న. 108 బండి ప్రాణాలు కాపాడింది నిజం. లెక్కలు అబద్ధమన్నదీ నిజం. ఒకదానితో మరొకటి కొట్టివేయవచ్చా? మా దృష్టిలో రెండూ వేర్వేరు పద్దులు. అంబులెన్సు ఎక్కి బతికినవాడు ఒకడు, షేరు కొని మునిగినవాడు మరొకడు. మొదటివాడి దీవెన రెండోవాడి నష్టాన్ని తీర్చదు. అలాగని లెక్కలు తప్పయినందుకు అంబులెన్సు చెడ్డదైపోదు. 2009లో కొత్త యాజమాన్యం వచ్చి ఆ సేవను కొనసాగించడం మంచిదే అయింది. మంచి పనిని నిలబెట్టుకోవాలి, తప్పుకు లెక్క చెప్పించాలి. మరో పాఠం కూడా ఉంది: దానంలో ఉన్న పేరు చూసి ఎవరి లెక్కలనూ తనిఖీ చేయకుండా వదలకూడదు. మంచివాడన్న పేరే అడిగేవాళ్ల నోరు కట్టేస్తుంది.

వడ్డీ లెక్కలో దాగినది

రెండో ఉదాహరణ మన పొరుగునే మొదలైంది. ఎస్‌కేఎస్ అనే సూక్ష్మ రుణ సంస్థ 1990ల చివర్లో అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థగా పనిచేయడం ప్రారంభించింది. బ్యాంకులు గడప తొక్కనివ్వని పేద మహిళలకు తాకట్టు లేకుండా అప్పు ఇవ్వడం దాని ఉద్దేశం. తరువాత అది కంపెనీగా మారి 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. మార్కెట్ నుంచి పెట్టుబడి తెస్తేనే కోట్లమంది పేదలకు చేరగలమని సంస్థ స్థాపకులు విక్రమ్ ఆకుల వాదన. పేదల అప్పుల మీద మదుపుదారులకు లాభం చూపించడం దారి తప్పడమేనని బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకులు ముహమ్మద్ యూనుస్ విమర్శించారు. ఇద్దరూ పేదల పేరే చెప్పారు. తేడా, లాభం ఎవరికి జవాబు చెప్పాలన్న దగ్గర వచ్చింది.

అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అనేక సూక్ష్మ రుణ సంస్థలు పోటీపడి ఒకే ఇంటికి మూడు, నాలుగు అప్పులు ఇచ్చాయి. వారంవారం వసూళ్ల ఒత్తిడి, గుంపులోని మహిళల మధ్య అవమానాలు, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు నమోదు కావాలని, వసూళ్లు గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలని, వారానికి కాక నెలకు వాయిదా ఉండాలని చెప్పింది. దాంతో వసూళ్లు నిలిచిపోయి ఆ సంస్థలూ దెబ్బతిన్నాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. ఇది మన ఇళ్లలో ఆడవాళ్లకు, పిల్లలకు చెప్పవలసినది. పదివేల రూపాయల అప్పుకు ఏడాదికి 12 శాతం వడ్డీ అన్నారనుకోండి. వడ్డీ 1,200. అయితే వాయిదా వారంవారం కడుతున్నాం కనుక అసలు తగ్గుతూ పోతుంది. ఏడాది మొత్తం మీద మన చేతిలో సగటున ఉన్నది దాదాపు ఐదువేలే. ఐదువేలకు 1,200 అంటే 24 శాతం. చెప్పింది 12, పడింది దానికి రెట్టింపు. చెప్పిన మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు, కానీ ఎదుటివాడికి అర్థం కాకుండా చెప్పారు. ఇస్లాం వడ్డీని నిషేధించింది కనుక మనకు సంబంధం లేదని అనుకోనక్కర లేదు. వాయిదాలపై ఫోను, ఫ్రిజ్ అమ్మే దుకాణాల్లో వడ్డీ లేదని బోర్డు పెట్టి ప్రాసెసింగ్ ఫీజు తీసుకోవడం, నగదుకు ఇచ్చే తగ్గింపును మాయం చేయడం ఇదే కోవకు చెందుతాయి.

బీడీ చేట దగ్గర

మూడోది మన ఇళ్లలోనే ఉంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో, కామారెడ్డి చుట్టుపక్కల వేలాది మహిళలు బీడీలు చుడతారు. వారిలో ముస్లిం మహిళలు చాలామంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టి టేకేదారుకు ఇస్తే, నాసిరకమని కొన్ని కట్టలు తీసేసి మిగతావాటికే లెక్క కడతారు. 1966లోనే వీరికోసం కేంద్రం చట్టం చేసింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది.

కంపెనీ పేరు ఒకరిది, టేకేదారు మరొకరు, చుట్టేది ఇంకొకరు. కార్మికురాలు ఎవరి మనిషి అన్న ప్రశ్నకు అందరూ పక్కవాడిని చూపిస్తే ఆమెకు మిగిలేదేమిటో తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికుల జీవనభృతి ప్రారంభించినప్పుడు తెలిసింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి భవిష్యనిధి ఖాతా ఉన్నవారికే భృతి. ఖాతా నంబరు ఉన్నామెకు నెలకు వెయ్యి రూపాయలు, తరువాత 2,016 రూపాయలు వచ్చాయి. అదే చాపమీద కూర్చుని అన్నే ఏళ్లు చుట్టినా, పేరు రిజిస్టరులో ఎక్కనామెకు ఏమీ రాలేదు. ఒక సంతకం చేయని యజమాని ఆ తరువాత రంజాన్‌లో ఆమెకు చీర పెట్టి ఉండవచ్చు. ఆ చీర ఆమెకు రావలసిన భృతికి సమానం అవుతుందా?

ఇంత పొడవైన గొలుసులో బాధ్యత ఎక్కడ పోతుందో ప్రపంచం 2013 ఏప్రిల్ 24న చూసింది. ఢాకా శివారులోని రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయారు. గోడల్లో పగుళ్లు ముందురోజే కనబడినా వారిని పనికి రప్పించారు. ఆ బట్టలు కుట్టించుకున్న పెద్ద పెద్ద బ్రాండ్లు, ఆ కార్మికులు నేరుగా తమవారు కాదని చెప్పి తప్పించుకోలేకపోయాయి. కొద్ది వారాల్లోనే అనేక బ్రాండ్లు కార్మిక సంఘాలతో చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

కాంటా దగ్గర, బెల్లం దుకాణం దగ్గర

పెద్ద కంపెనీల సంగతి అలా ఉంచి మన మార్కెట్‌కు వద్దాం. వరి కోతలప్పుడు రైతు నోట వినబడే మాట తరుగు. తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. అది న్యాయమే. తేమ సరిగా ఉన్నా, తాలు లేకున్నా బస్తాకు ఇంత అని కోసేస్తే అది మరో పేరుతో తూకంలో తగ్గించడమే. ఖుర్‌ఆన్‌లోని 83వ సూరా పేరు అల్ ముతఫ్ఫిఫీన్, అంటే కొలతల్లో తగ్గించేవారు. కొనేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తక్కువగా కొలిచేవారికి హెచ్చరికతో అది మొదలవుతుంది. షుఐబ్ ప్రవక్త (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలకు దైవారాధనతో పాటే బోధించిన విషయమూ ఇదే.

దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన హదీసుల్లో ప్రసిద్ధం. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. ఆ కారణం నిజమే. తడిసినదాన్ని పైకి, కొనేవాడి కంటికి కనబడేట్టు ఎందుకు పెట్టలేదన్నదే ప్రవక్త (స) వేసిన ప్రశ్న. లోపం ఉండటం వేరు, దాన్ని కప్పిపెట్టడం వేరు అని ఇక్కడ తేలింది.

కామారెడ్డికి బెల్లంతో పాత అనుబంధం. నల్లబెల్లం గుడుంబా బట్టీలకు పోతుందని అందరికీ తెలిసిందే. కొనేవాడు దాన్ని ఏం చేస్తాడో నాకెందుకు అని అమ్మేవాడు అనవచ్చా? సారాయి తీసేవాడికి ద్రాక్ష అమ్మవచ్చా అని పూర్వపు ధర్మశాస్త్రవేత్తలు ఇదే చర్చ చేశారు. తెలిసి అమ్మకూడదని ఎక్కువమంది అన్నారు, పాపం తయారుచేసేవాడిదేనని కొందరన్నారు. మా అభిప్రాయం ఇది: ఇంటికి రెండు కిలోలు కొనేవాడిని నిలదీయనక్కర లేదు. రాత్రివేళ ఆటోలో బస్తాలకు బస్తాలు, దాంతోపాటు పటిక అడిగేవాడికి అమ్మితే మాత్రం తెలియదనడం కుదరదు.

ఇమామ్ అబూ హనీఫా కూఫా నగరంలో బట్టల వ్యాపారి కూడా. లోపమున్న ఒక బట్టను ఆయన భాగస్వామి ఆ లోపం చెప్పడం మరచి అమ్మేశాడు. కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ ఆ అమ్మకం సొమ్మంతా దానం చేశారని ఆయన జీవిత చరిత్రల్లో చెబుతారు. ఆయన దాన్ని లాభంలోంచి తీసిన వాటాగా లెక్కపెట్టలేదు. తనది కాని సొమ్ము తన దగ్గర ఉండకూడదని వదిలించుకున్నారు.

జకాత్ జీతం కాదు

దాతలను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. రంజాన్ నెలలో కొందరు యజమానులు తమ దుకాణంలో పనిచేసే పిల్లలకు జకాత్ సొమ్ము ఇచ్చి, పండుగ బోనసు ఇచ్చామని చెబుతారు. పనివాడు నిజంగా పేదవాడైతే అతనికి జకాత్ ఇవ్వవచ్చు. అయితే అది జీతానికో, బోనసుకో బదులుగా ఇస్తే, అతను మరింత పని చేస్తాడన్న ఉద్దేశంతో ఇస్తే, జకాత్ నెరవేరదు. ఎందుకంటే అక్కడ యజమాని తన బాకీని అల్లాహ్ హక్కు నుంచి తీర్చుకుంటున్నాడు. చట్టం వారానికి 48 గంటల పని, ఒక సెలవు అంటుంది. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడే కుర్రవాడికి ముందు ఇవ్వవలసింది అది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) బోధ మనలో తెలియనివారు లేరు.

పుచ్చుకునే సంస్థ బాధ్యత

ఇన్ని ప్రశ్నలు దాతలకు వేసి, పుచ్చుకునే సంస్థలను వదలడం న్యాయం కాదు. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవాలంటే సంస్థలు సీఎస్ఆర్-1 ఫారం ద్వారా నమోదు కావాలి. ఆదాయపు పన్ను చట్టం కింద అవసరమైన గుర్తింపులు ఉండాలి. మన ప్రాంతంలోని చిన్న సంస్థలు కూడా ఈ కాగితాలు సిద్ధం చేసుకుంటే పెద్ద కంపెనీల సాయం అందే అవకాశం ఉంటుంది.

అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. మద్యం, పొగాకు కంపెనీలు ఇస్తామంటే తీసుకోవాలా? స్కాలర్‌షిప్ లేక చదువు ఆగిపోయే అమ్మాయిని చూస్తే వద్దనడం సులువు కాదు. మా సలహా, తీసుకోకపోవడమే మంచిది. తాగుడుతో చితికిన ఇంటి పిల్లకు ఆ సొమ్ముతోనే ఫీజు కడితే, రేపు ఆ వ్యాపారాన్ని తప్పని చెప్పే నోరు మనకు ఉండదు. ఆ లోటును చిన్న దాతలు పదిమంది కలిసి తీర్చాలి. తీర్చే శక్తి లేకుండా వద్దనడం మాత్రం ఆ అమ్మాయి ఖర్చుతో మన నీతి కాపాడుకోవడమే అవుతుంది. కాబట్టి వద్దనేవారే ముందు జేబులో చెయ్యి పెట్టాలి.

ప్రతి సంస్థ రసీదు ఇవ్వాలి, జకాత్ పద్దును సదఖా పద్దుతో కలపకూడదు, ఏటా లెక్కలు తనిఖీ చేయించి దాతల ముందు పెట్టాలి. మంచి పేరుంది కదా అని లెక్క అడగకపోతే ఏమవుతుందో సత్యం ఉదంతం చెప్పింది.

ఇంట్లో కూర్చుని ఆలోచించుకోవడానికి

ఈ ఏడాది జకాత్ లెక్క వేసే ముందు కింది ప్రశ్నలను ఎవరికి వారు కాగితం మీద రాసుకుని జవాబు వేసుకోవాలని కోరుతున్నాం.

1. మన దగ్గర పనిచేసేవారికి ఈ నెల వరకు రావలసినది ఏమైనా మిగిలి ఉందా? వారి పేరు రిజిస్టరులో, భవిష్యనిధిలో ఉండవలసినదైతే ఉందా?

2. మన కాంటా చివరిసారి ఎప్పుడు తనిఖీ అయి ముద్ర పడింది?

3. మన సరుకులో మనకు తెలిసి, కొనేవాడికి తెలియని లోపం ఏమైనా ఉందా?

4. వాయిదాల ధర, నగదు ధర రెండూ కొనేవాడికి ముందే స్పష్టంగా చెబుతున్నామా?

5. ఎవరికైనా తిరిగి ఇవ్వవలసిన సొమ్ము మన దగ్గర ఉందా? వారి చిరునామా మనకు తెలుసా?

ఐదో ప్రశ్నకు ఉంది అన్న జవాబు వస్తే, ఆ మొత్తాన్ని విరాళంగా ఇవ్వకండి. ముందు ఆ మనిషి ఇంటికి వెళ్లండి. ఆ తరువాత మిగిలిన దానిలోంచి ఇచ్చే పది రూపాయలైనా మాకు గౌరవమే.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేసి, అందులో బర్కత్ ప్రసాదించుగాక. మన చేతుల మీదుగా ఎవరి హక్కూ పోకుండా కాపాడుగాక. ఆమీన్.